కనకాంబరం: గింజ వెయ్యాలా, కొమ్మ గుచ్చాలా?

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీరు పెంచాలనుకుంటున్న కనకాంబరం గింజ పట్టే రకమా, పట్టని రకమా? సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మిగతా సగం మీ నేల, మీ నీళ్ళు, మీకు పూలు ఏ నెలకి కావాలన్న దాన్నిబట్టి ఉంటుంది.

నాటు కనకాంబరం అని మనం పిలిచే నారింజ రంగు పూల మొక్క, పూలు రాలాక కంకిలో కాయలు కట్టి గింజలిస్తుంది. ఢిల్లీ కనకాంబరం అట్టా కాదు. రంగు ముదురుగా ఉంటుంది, విరగబూస్తుంది, నెల్లూరులో మూర లెక్కన పూలమ్మే వాళ్ళ బుట్టల్లో దానికే గిరాకీ, కానీ గింజ మాత్రం పట్టదు. దీని కణాల్లో క్రోమోజోములు మూడేసి చొప్పున ఉంటాయి, అవి సమంగా విడిపోవడం కుదరదు కాబట్టి గింజ తయారవదు. అందుకని ఢిల్లీ రకం కావాలంటే కొమ్మ ఒక్కటే దారి. ఎవరైనా ఢిల్లీ కనకాంబరం విత్తనాలు అని ప్యాకెట్ చూపిస్తే దయచేసి కొనకండి. అందులో ఉన్నది ఏ రకమో తెలీదు గానీ ఢిల్లీ రకం మాత్రం కాదు.

మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న మొక్క ఏదో తెలీకపోతే, పూలన్నీ రాలిపోయి ఎండుముఖం పట్టిన కంకి ఒకటి చేతిలోకి తీసుకోండి. పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ పచ్చటి తొడుగుల మధ్య గోటితో విడదీసి చూస్తే, గింజ పట్టే రకంలో కోలగా, గట్టిగా, కొన తేలిన కాయ తగులుతుంది. ఢిల్లీ రకంలో తొడుగులు బోసిగా ఉంటాయి, నొక్కితే అణిగిపోతాయి. ఒక్క కంకి చూసి తేల్చేయకుండా నాలుగైదు చూడండి, ఎందుకంటే నాటు రకంలో కూడా మండుటెండల్లో కొన్ని కంకులు వట్టిపోతాయి.

ఇక రెండూ కుదిరే రకం మీ దగ్గరుందనుకుందాం. అప్పుడే అసలు పోలిక మొదలవుతుంది.

కాలం లెక్క చూస్తే కొమ్మదే పైచేయి. గింజ వేస్తే మొలక రావడానికే రెండు నుంచి నాలుగు వారాలు, మొలిచాక నారు అయిదారు ఆకులకి రావడానికి రెండు నెలలు, నాటాక తొలి కంకి కనపడటానికి ఇంకో రెండు మూడు నెలలు. మొత్తం అయిదారు నెలలనుకోండి. కొమ్మ గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది, ఇంకో నెల కవర్లో నిలదొక్కుకోనిస్తే చాలు, అది పూత వయసుకొచ్చిన మొక్కలోంచి వచ్చింది గనక నాటిన నెలా రెండు నెలల్లోనే కంకి వేస్తుంది. అంటే మూడు నాలుగు నెలల్లో పూలు. ధనుర్మాసంలో రంగనాయకుల గుడికి మన ఇంటి దండే తీసుకెళ్ళాలి అనుకునేవాళ్ళు డిసెంబరు మధ్య నుంచి వెనక్కి లెక్కేసుకోండి: గింజ అయితే జూన్ నెలాఖరుకి మడిలో పడాలి, కొమ్మ అయితే ఆగస్టు నడిమికి గుచ్చినా సరిపోతుంది.

సంఖ్య లెక్క చూస్తే గింజదే. ఒక్క ఆరోగ్యమైన తల్లి మొక్క ఏడాదిలో ఇచ్చే గింజలతో చిన్న మడి నిండిపోతుంది. కొమ్మల కోసమైతే తల్లిని ఎంతని కోస్తాం? ఒక చిన్న మొక్క నుంచి ఒక విడతలో పదో పన్నెండో మంచి కొమ్మలు తీసేసరికి అది బోసిపోతుంది, పైగా ఆ రెండు నెలలు తల్లికి పూలు కూడా ఉండవు. ఇంటి ముందు అయిదారు కుండీలు కావాలనుకునే వాళ్ళకి ఇదొక సమస్యే కాదు. అయిదు సెంట్లలో వేద్దాం, ఉదయాన్నే కోసి నాలుగు మూరలు అమ్ముకుందాం అనుకునే వాళ్ళకి మాత్రం ఇదే పెద్ద తేడా.

రంగు, గుణం విషయంలో మళ్ళీ కొమ్మే. కొమ్మతో వచ్చింది తల్లికి అచ్చు నకలు. గింజతో వచ్చిన నారులో కొంచెం ఎచ్చుతగ్గులు తప్పవు. నారింజ, పసుపు, ఎరుపు కనకాంబరాలు ఒకే పెరట్లో పక్కపక్కనే ఉంటే పిల్లమొక్కలన్నీ తల్లి రంగే పూస్తాయన్న హామీ లేదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క అంబర, అర్క కనక లాంటి పేరున్న రకాలు మీ చేతికొస్తే వాటిని కొమ్మతోనే పెంచుకోండి. అంత కష్టపడి తయారు చేసిన రకాన్ని గింజ మీద పెట్టి కలగాపులగం చేసుకోవడం నాకైతే ప్రాణం ఒప్పదు.

ఇప్పుడు మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతానికి సంబంధించిన ముఖ్యమైన మాట. వర్షాకాలం మొదలవగానే జూన్‌లో కొమ్మలు నాటండి అని ఎక్కడ చూసినా రాసుంటుంది. ఆ సలహా గోదావరి జిల్లాలకో తెలంగాణకో సరిపోవచ్చు. మనకి జూన్ వర్షాకాలం కాదు. మృగశిర వచ్చిందంటే చల్లబడాలి గానీ నెల్లూరు, ఒంగోలు వైపు మృగశిరలో కూడా పడమటి గాలి మొహం మీద కొట్టినట్టు వీస్తుంది, ఆరేసిన బట్ట అరగంటలో పెళపెళలాడుతుంది. వేరు లేని కొమ్మకి ఆ గాలిని మించిన శత్రువు లేదు, ఎందుకంటే ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, కింద నుంచి తాగడానికి వేరు ఉండదు. మన పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కాబట్టి కొమ్మలకి మంచి అదును మఖ, పుబ్బ కార్తెలు, అంటే ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా. అప్పటికి గాలిలో కాస్త తేమ చేరుతుంది, చిత్త, స్వాతి కార్తెల్లో కుండపోత మొదలయ్యేలోపు వేరు పట్టేస్తుంది. రెండో అదును సంక్రాంతి దాటాక జనవరి, ఫిబ్రవరి. తుపాన్ల టెన్షన్ ఉండదు, మన తీరంలో చలి కూడా వేరు ఆగిపోయేంత ఉండదు, కాకపోతే ఒక వారం ఆలస్యంగా పడుతుంది.

గింజకి ఇంత పట్టింపు లేదు. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో కూడా నీడ కింద మడి తడిగా ఉంచగలిగితే మొలుస్తుంది, గాలి దాన్నేం చెయ్యలేదు. సెప్టెంబరుకి నారు నాటుకొస్తుంది, పెద్ద వానలకి ముందే వేళ్ళు నేల పట్టుకుంటాయి. జూన్, జూలైలో మొదలు పెట్టక తప్పదనుకునే వాళ్ళకి, గింజ దొరికే రకమైతే, గింజే వెయ్యమంటాను.

గింజ సేకరించడంలో ఒక కిటుకుంది. బడి పిల్లలు ఎంగిలి తగిలించి టప్ టప్ మని పేల్చే చిటపటకాయల మొక్క, కనకాంబరం ఒకే కుటుంబం. కనకాంబరం కాయ కూడా అంతే. ఎండిన కాయకి తడి తగిలిందో, రెండుగా చీలి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. తెల్లవారుజామున మంచు పడ్డా, మీరు పైపుతో మొక్క తల మీద నీళ్ళు కొట్టినా మీ విత్తనం మొత్తం పెరడంతా చల్లేసుకున్నట్టే. అందుకని గింజలకి వదిలేసిన కంకులు గోధుమరంగు తిరగ్గానే, ఎండ బాగా ఎక్కి మంచు ఆరిపోయిన తర్వాత కోసి, ఒక పాత పలచటి చీరముక్కలో మూటకట్టి రెండు రోజులు నీడలో ఉంచండి. తర్వాత ఆ మూట మీద చేత్తో నీళ్ళు చిలకరించి చెవి దగ్గర పెట్టుకుంటే లోపల చిటచిటమని కాయలు పగిలే చప్పుడు వినపడుతుంది. విప్పితే గుడ్డకి అంటుకుని చిన్నగా, బల్లపరుపుగా, పైన పొలుసులున్న గోధుమరంగు గింజలు ఉంటాయి, ఒక్కో కాయలో నాలుగు దాకా. ఆ గింజలకి తడి తగిలితే పైన జిగురు పడుతుంది, అది చూసి కుళ్ళిపోయాయని పారెయ్యకండి, వాటి స్వభావమే అంత.

ఆ గింజల్ని వెంటనే వేసేసుకోవడం మంచిది. ఏడాది దాచిన గింజ మీద ఆశ పెట్టుకోవద్దు. పావు అంగుళం లోతు, పైన జల్లించిన చివికిన పశువుల ఎరువు, ఇసుక పలచగా కప్పి, గోనెపట్ట వేసి, చిల్లుల మూతి ఉన్న నీళ్ళ డబ్బాతో సన్నగా తడపండి. మొలక కనపడగానే గోనెపట్ట తీసెయ్యాలి. చీమలు గింజలు మోసుకుపోతాయి, మడి చుట్టూ వేపపిండి చల్లండి. అన్నీ ఒకేసారి మొలవవు. రెండు వారాలకి నాలుగు మొలకలొచ్చి ఆగిపోతే మడి తిరగేయకండి, ఇంకో రెండు వారాలు తడి ఆరకుండా చూడండి, మిగతావి నింపాదిగా వస్తాయి.

కొమ్మ సంగతికొస్తే, ఏ కొమ్మ కోశామన్న దాంట్లోనే సగం పని ఉంది. మరీ లేతగా, వేలు తగిలితే వంగిపోయే చిగురు కుళ్ళిపోతుంది. మరీ ముదిరి బెరడు కట్టింది వేరు పట్టడానికి మొరాయిస్తుంది. కింద కొంచెం గట్టిపడి పైన ఇంకా పచ్చగా ఉన్న కొసకొమ్మ కావాలి, నాలుగు నుంచి ఆరు అంగుళాలు, రెండు మూడు కణుపులు ఉండాలి. కంకి ఉంటే గిల్లెయ్యండి, పూత మీదున్న కొమ్మ తన దగ్గరున్న బలమంతా పూవుకే పెడుతుంది. పొద్దున్నే, ఎండెక్కకముందు, పదునైన బ్లేడుతో కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి పైన రెండు జతలు ఉంచండి, ఆకులు పెద్దవైతే సగానికి కత్తిరించండి. రూటింగ్ పౌడర్ దొరికితే కొస అద్దండి, వేరు త్వరగా, గుబురుగా వస్తుంది. లేకపోయినా కనకాంబరం వేరు పడుతుంది, దాని కోసం ఆగిపోవద్దు.

గుచ్చడానికి పెన్నా ఇసుక లాంటి గరుకు ఏటి ఇసుక కడిగి, సమానంగా కొబ్బరి పొట్టు కలపండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు పోయేదాకా కడగడం మన వల్ల కాదు. తోట మట్టి కూడా వద్దు. గుచ్చాక పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ గుడారంలా కప్పి, తూర్పు వెలుతురు వచ్చే నీడలో పెట్టండి. రోజుకొకసారి కవర్ తీసి గాలి తగలనివ్వాలి. వేరొచ్చిందా అని లాగి చూసే అలవాటు చాలామందికి ఉంటుంది, దారం మందం తెల్లటి వేళ్ళు అప్పుడే పుడుతుంటాయి, లాగితే తెగిపోతాయి. అంత ఆత్రంగా ఉంటే అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసుల్లో గుచ్చుకోండి, బయటినుంచే కనపడుతుంది. కొమ్మ మొదలు నల్లబడి మెత్తబడితే నీళ్ళెక్కువయ్యాయని అర్థం, దాన్ని తీసేసి పక్కవాటికి రెండు రోజులు నీళ్ళు ఆపండి. గుచ్చినవన్నీ బతకవు, మీకు కావాల్సిన దానికి సగం ఎక్కువగానే గుచ్చుకోండి.

నీళ్ళ గురించి వేరే చెప్పాలి. తీరం వెంబడి కొత్తపట్నం, ఉలవపాడు, మైపాడు వైపు చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి, పడమటన కనిగిరి, పొదిలి వైపు నీళ్ళు గట్టిగా ఉండి బిందె లోపల తెల్లటి పొర కడతాయి. నాటుకున్న మొక్క ఎంతోకొంత ఓర్చుకుంటుంది. వేరు పడని కొమ్మ, అప్పుడే మొలిచిన నారు ఓర్చుకోలేవు, ఆకుల అంచులు మాడిపోతాయి. ఆ నెలా నెలన్నర వరకు వాన నీళ్ళో, మంచినీళ్ళ క్యాను నీళ్ళో వాడండి, పది కొమ్మలకి రోజుకో చెంబు కూడా పట్టదు. ఇంట్లో ఆర్‌ఓ ఉన్నవాళ్ళు ఫిల్టర్ వదిలేసే నీళ్ళు వృథా అవుతున్నాయని మొక్కలకి పోస్తుంటారు. ఆ నీళ్ళలో ఉప్పు మామూలు బోరు నీళ్ళకంటే ఎక్కువ, బాత్రూం కడగడానికి వాడుకోండి, కనకాంబరానికి మాత్రం వద్దు. నీళ్ళు మరీ గట్టిగా ఉన్న ఊళ్ళలో కొమ్మకంటే గింజ మేలా అని అడిగితే, ఈ ఒక్క విషయంలో రెండూ సమానమే.

ఇంక మూడో దారి ఒకటుంది, మన దగ్గర అందరూ చేసేది అదే. పక్కింటికెళ్ళి "అక్కా, ఒక పిలక ఇయ్యవా" అని అడిగి వేరుతో సహా పీక్కొచ్చి పాతెయ్యడం. అది వెంటనే బతుకుతుంది, నిజమే. కానీ కనకాంబరానికి అసలు మిత్తి నేలలో ఉండే నులిపురుగులు, వాటితో కలిసొచ్చే ఎండు తెగులు. నులిపురుగులు కంటికి కనపడవు, వేళ్ళని తొలిచి తింటాయి. మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై ఊదారంగుకి తిరిగి, నీళ్ళు పోసినా వాడిపోయినట్టే ఉంటుంది. ఆ తొలిచిన గాయాల్లోంచి బూజు ఎక్కి ఒక్కో కొమ్మే ఎండిపోతుంది. మన ఇసక నేలలు, ఎర్ర గరప నేలలు వీటికి భలే నచ్చుతాయి. పిలకతో పాటు వచ్చే గుప్పెడు మట్టిలో అవి మీ పెరట్లోకి దిగుతాయి, ఒకసారి దిగాక వదిలించుకోవడం చాలా కష్టం. గింజతో ఈ భయం లేదు. భూమికి ఎగువన కోసిన కొసకొమ్మతో కూడా దాదాపు లేదు, అవి వేళ్ళలోనూ మట్టిలోనూ ఉంటాయి గనక. అందుకే పక్కింటి అక్కని పిలక కాకుండా కొమ్మ అడగండి. ఆమె మొక్కకి కూడా అదే మంచిది.

మీ పెరట్లో ఇదివరకే కనకాంబరాలు ఒకటొకటిగా ఎండిపోయి ఉంటే, గింజా కొమ్మా అన్న ప్రశ్న పక్కనపెట్టి ముందు నేల సంగతి చూడండి. మన రోహిణి కార్తె ఎండ దీనికి పనికొస్తుంది. మే నెలలో ఆ చోటు తవ్వి, బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు నేలకి అంటుకునేట్టు పరిచి అంచులు మట్టితో మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్యండి. కింద మట్టి ఉడికిపోయి నులిపురుగులు, తెగులు బూజు చాలావరకు చస్తాయి. నల్ల షీటు కాదు, అవతలికి కనపడేదే కావాలి, ఎండ లోపలికి దిగాలి కదా. తర్వాత వేపపిండి, చివికిన ఎరువులో కలిపిన ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మేలుచేసే బూజు) వేసి, ఒక పంట బంతి వేసుకుంటే ఇంకా మంచిది, బంతి వేళ్ళు నులిపురుగుల్ని అణుస్తాయి. దసరాకి బంతిపూలూ వస్తాయి.

నర్సరీలో కవర్ మొక్క కొనుక్కుంటే పోలా అంటారా? ఢిల్లీ రకం తల్లి మొక్క దొరకని వాళ్ళకి అదే దారి. మన దగ్గరికొచ్చేవాటిలో చాలా మొక్కలు కడియం నుంచి లారీల్లో వస్తాయి, వేళ్ళ చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని యథాతథంగా మన ఎర్రనేలలో పాతితే చుట్టూ ఇసక తడిగా ఉన్నా ముద్ద లోపల ఎండిపోతుంది. ఒక బకెట్ నీళ్ళలో నానబెట్టి, మట్టి మెల్లగా వదిలించి, వేళ్ళ మీద ఉబ్బులూ నల్ల మచ్చలూ లేవని చూసుకుని నాటండి. ఒకటో రెండో కొని వాటినుంచే ఆగస్టులో కొమ్మలు తీసుకుంటే డబ్బులూ కలిసొస్తాయి.

మొత్తానికి నా సలహా అడిగితే ఇదీ. కుండీల్లో, మిద్దె మీద, అయిదు పది మొక్కలు చాలనుకునే వాళ్ళు కొమ్మే గుచ్చండి, అది ఢిల్లీ రకమైతే మరీ మంచిది, గింజలకి బలం పోదు గనక పూతంతా మీ జడలోకే. సొంత నేల కాస్త ఎక్కువుండి, నాటు రకం మీద ఇష్టం ఉండి, అయిదారు నెలలు ఆగగలిగిన వాళ్ళు గింజ వెయ్యండి, మడి ఖర్చు తప్ప ఇంకేం ఉండదు. అమ్మకానికి వేసేవాళ్ళకి నారింజ రంగు సమంగా ఉండాలి, దండలో తేడా కనపడకూడదు, వాళ్ళకి కొమ్మే, కాకపోతే మొదటి ఏడు ఒక పది తల్లి మొక్కలు పెంచుకుని రెండో ఏడు విస్తరించుకోవడం మేలు, ఒకేసారి వందల మొక్కలు కొని నేల తెగులుకి అప్పజెప్పడం కంటే.

ఏ దారిలో వచ్చినా నాటేటప్పుడు మొక్కకీ మొక్కకీ అడుగున్నర నుంచి రెండడుగులు వదిలి, బోదె మీదే పెట్టండి. అక్టోబరు వానకి రెండు రోజులు నీళ్ళు నిలబడ్డాయంటే కనకాంబరం తట్టుకోదు. తొలి కంకి చూసి మురిసిపోయి వదిలెయ్యకుండా గిల్లేస్తే పక్క కొమ్మలు నాలుగు లేస్తాయి. పూత మొదలయ్యాక రోజు విడిచి రోజు పొద్దున్నే కోసుకోవాలి, పూలయిపోయిన కంకిని గింజకి అవసరం లేకపోతే మొదలుకంటా తుంచెయ్యాలి.

కనకాంబరం రెండు మూడేళ్ళకి డీలా పడిపోతుంది, పూలు చిన్నవవుతాయి. అందుకని ప్రతి ఏడాదీ ఫిబ్రవరిలో బాగా పూసిన మొక్కలు రెండింటిని ఎంచుకుని, కొమ్మలు కత్తిరించి, ఎండాకాలమంతా షేడ్ నెట్ కిందో వేపచెట్టు నీడలోనో కాపాడుకోండి. ఆగస్టు వచ్చేసరికి వాటికి సరైన పదునులో కొత్త కొమ్మలుంటాయి. ఎండలో మాడిన మొక్క నుంచి కోసిన కొమ్మకి, అట్టా నీడలో పెరిగిన కొమ్మకి వేరు పట్టడంలో చాలా తేడా ఉంటుంది.